మా బర్రె ఈనింది

అక్షరాలు కాస్త చేతికి రాగానే పిల్లలు మొట్టమొదట రాసుకునేది తమ పేరే. పలక మీద రాస్తారు, బల్ల మీద గీకుతారు, సున్నం కొట్టిన గోడ మీద బొగ్గుతో రాస్తారు, పక్కవాడి పుస్తకం అట్ట మీద కూడా రాసేస్తారు. గోడ పాడైందని మనం కేకలేస్తాం. పల్నాడు పల్లెల్లో ఒకటి రెండు తరగతుల పిల్లల మధ్యే ఉద్యోగమంతా గడిపినదాన్ని, ఆ గోడరాతల్ని నేను శ్రద్ధగా చదివేదాన్ని. వాచకంలో రెండో పాఠం దగ్గర నెలల తరబడి ఆగిపోయిన పిల్లలు కూడా తమ పేరు దగ్గర ఆగరు. ఒత్తు జారిపోతుంది, దీర్ఘం పక్క అక్షరానికి వెళ్లిపోతుంది, గుడి తిరగబడుతుంది. అయినా ఆ పేరు ఎవరిదో తెలిసిపోతుంది. పిల్లలకు చదువు మీద ధ్యాస లేదని ఎవరైనా అంటే వాళ్లకు ఆ గోడలు చూపించాలనిపిస్తుంది నాకు.

ఈ ఇష్టం బడిలో పుట్టింది కాదు. 1995లో మాండెల్, జుస్చిక్, పిసోని అనే ముగ్గురు పరిశోధకులు అమెరికాలో ఒక అధ్యయనం ప్రచురించారు. నాలుగున్నర నెలల పసిపిల్లలకు వాళ్ల పేరునూ, వేరే పేర్లనూ మార్చి మార్చి వినిపించారు. పిల్లలు తమ పేరు వినిపించినప్పుడే ఎక్కువసేపు చెవొగ్గారు. అది తన పేరని ఆ వయసులో తెలుసో లేదో చెప్పలేం గానీ, అన్ని ధ్వనుల మధ్యా ఆ ధ్వని తెలిసినదని మాత్రం బిడ్డకు తెలుసు. మూడేళ్ల తర్వాత రెబెకా ట్రైమన్, విక్టోరియా బ్రోడ్రిక్ అనే ఇద్దరు ఇంకో మెట్టు ముందుకెళ్లి, చిన్నపిల్లలకు మిగతా అక్షరాలకన్నా తమ పేరులోని మొదటి అక్షరం బాగా తెలిసి ఉంటుందని చూపించారు. ఒకటో తరగతికి పాఠం చెప్పిన ఎవరికైనా ఇది అనుభవమే. నల్లబల్ల మీద ‘సు’ రాస్తే చాలు, వెనక వరసలోంచి ఒక గొంతు లేస్తుంది: “టీచర్, అది నాది!”

ఈ గుణాన్ని పట్టుకుని పుస్తకాలు అచ్చువేయాలన్న ఆలోచన పాతదే. 1970లలోనే అమెరికాలో కంప్యూటరు సాయంతో పిల్లల పేరు, ఊరు, స్నేహితుల పేర్లు కథలో ఇమిడ్చి పుస్తకాలు వేశారు. గత దశాబ్దంలో లండన్‌లో కొందరు మిత్రులు కలిసి పెట్టిన ‘లాస్ట్ మై నేమ్’ అనే సంస్థ దాన్ని దేశదేశాలకూ చేర్చింది. తర్వాత ఆ సంస్థ పేరు ‘వండర్‌బ్లీ’గా మారింది. వాళ్ల మొదటి పుస్తకంలో ఒక పిల్ల పేరు పోతుంది. వెతుక్కుంటూ బయల్దేరితే దారిలో కలిసిన ఒక్కో ప్రాణీ ఒక్కో అక్షరం ఇస్తుంది. చివర్లో ఆ అక్షరాలన్నీ కలిస్తే ఏ పిల్ల కోసం పుస్తకం కొన్నారో ఆ పిల్ల పేరు వస్తుంది. పేరు మారితే ప్రాణులూ మారతాయి, కథ నడిచే దారీ మారుతుంది. అలాంటివి లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. అమెరికాలో ఉన్న మా బంధువుల పాప దగ్గర ఆ పుస్తకం చూశాను. పాప నాకు చదివి వినిపిస్తూ, అక్షరం దొరికిన ప్రతి చోటా ఆగి, నేను గుర్తుపట్టానో లేదోనని నా మొహంలోకి చూసింది.

ముచ్చట సరే, వీటివల్ల చదువు వస్తుందా? ఇంగ్లండ్‌లోని ఓపెన్ యూనివర్సిటీలో ఉన్న కాలంలో నటాలియా కుచిర్కోవా, ఆమె సహచరులు ఈ ప్రశ్న మీదే పనిచేశారు. తమ ఫోటోలతో, తమ వస్తువులతో, తమ సంగతులతో తయారైన పుస్తకాన్ని అమ్మానాన్నలతో కలిసి చూసేటప్పుడు చిన్నపిల్లలు ఎక్కువ నవ్వారు, ఎక్కువ పలికారు. 2014లో వచ్చిన మరో అధ్యయనంలో, పుస్తకంలో కొంత భాగం పిల్లల సొంత సంగతులతోనూ, కొంత భాగం మామూలుగానూ ఉంచి, రెండు చోట్లా వాళ్లకు తెలియని మాటలు పెట్టారు. సొంత సంగతులున్న భాగంలోని కొత్త మాటలే పిల్లలకు ఎక్కువ పట్టుబడ్డాయి. ఆ బృందమే ఇంకో సంగతి కూడా గమనించింది. ఇలాంటి పుస్తకం చేతిలో ఉంటే పిల్లలు తమ గురించే ఎక్కువ మాట్లాడతారు. ఆ విషయం దగ్గరికి తర్వాత వస్తాను.

పేరును వెతుక్కునే ఆ కథ తెలుగులో ఎలా కుదురుతుందా అని చాలాసార్లు ఆలోచించాను. ఇంగ్లీషు పేరు విడివిడి అక్షరాల వరస. మన పేరు అలా విడిపోదు. ‘లక్ష్మి’లో ‘ల’ ఇవ్వడానికి లేడిపిల్ల ముందుకొస్తుంది. ‘క్ష్మి’ ఇచ్చే ప్రాణి ఏ అడవిలో ఉంది? కృష్ణ, శ్రావ్య, ప్రజ్ఞ, జ్యోత్స్న, విఘ్నేష్. ఏ బడి హాజరుపట్టీ తెరిచినా ఒత్తుల మీద ఒత్తులే. తల, వల, జడ, పడవ అంటూ ఒత్తుల్లేని మాటలతో మొదటి పాఠాలు సాగుతాయి. ఆ వరస ప్రకారం పోతే జ్యోత్స్న తన పేరు రాయడానికి ఎన్నేళ్లు ఆగాలి? మన లిపికి అతి దగ్గరిదైన కన్నడ లిపిలో చదివే పిల్లల మీద సోనాలి నాగ్ 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇరవయ్యారు అక్షరాలు నేర్చుకునే పిల్లలతో పోలిస్తే, వందల కొద్దీ గుణింతాలూ ఒత్తులూ పట్టుబడటానికి ఈ పిల్లలకు ఏళ్లు పడుతుందని, నాలుగో తరగతిలో కూడా ఆ నేర్చుకోవడం సాగుతూనే ఉంటుందని అందులో తేలింది. మన పిల్లలు మందబుద్ధులని తొందరపడి తీర్పులు చెప్పేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

కానీ ఏ జ్యోత్స్నా అన్నేళ్లు ఆగదు. తన పేరును ముందు మొత్తంగా, ఒక బొమ్మలాగా పట్టేసుకుంటుంది. తర్వాత మెల్లగా అది లోపలినుంచి విడిపోవడం మొదలవుతుంది. ‘త్స్న’ కింద వేలాడుతున్న ఆ రెండు గుర్తులేమిటని ఒకరోజు తనే అడుగుతుంది. ఒత్తుల పాఠం పై తరగతి పుస్తకంలో ఉంటే, ఆ పిల్లకు మాత్రం ఒకటో తరగతిలోనే దాని అవసరం వచ్చింది. అవసరం వచ్చిన రోజున చెప్పిన ఒత్తు మళ్లీ చెప్పాల్సిన పని నాకెప్పుడూ రాలేదు.

తెలుగు కథలో పేరు దూర్చడానికి ఇంకో చిక్కుంది. ఖాళీ వదిలి పేరు నింపితే చాలదు. సీతకు, సీతను అంటాం. లక్ష్మికి, లక్ష్మిని అంటాం. రాముడు కాస్తా రాముడికి అవుతాడు. కథానాయకుడు వచ్చాడు, కథానాయిక వచ్చింది, నాన్నగారు వచ్చారు. ఇదంతా ఇవాళ్టి కంప్యూటరుకు నేర్పలేనిదేమీ కాదు. నేర్పకుండా వేసిన పుస్తకాలు మాత్రం కొన్ని నా చేతికొచ్చాయి. ఇంగ్లీషు మూసలో తెలుగు పేరు పోసి, ‘లక్ష్మిను పిలిచింది’ లాంటి వాక్యాలు అచ్చువేస్తే, చెవితో తెలుగు బాగా తెలిసిన అయిదేళ్ల పిల్ల అక్కడ తడబడుతుంది. తప్పు పుస్తకానిది. కానీ పిల్ల తనదనుకుంటుంది. చదువుతున్నది తన గురించే అయినప్పుడు ఆ తడబాటు ఇంకా లోతుగా తగులుతుంది.

అసలు ఏ పేరు అచ్చువేయాలి? హాజరుపట్టీలో వెంకట సాయి హర్షవర్ధన్ అని ఉంటుంది. ఇంట్లో వాడు పండు. ఊళ్లో సగం మందికి వాడి బడిపేరే తెలియదు. కథలో ‘పండు’ అని ఉంటే వాడు ఎగిరి గంతేస్తాడు, హర్షవర్ధన్ అని ఉంటే మర్యాదగా కూర్చుంటాడు. పుస్తకంలో అమ్మమ్మ వస్తే, ఈ పిల్ల అమ్మమ్మను అమ్మమ్మ అంటుందా, అవ్వ అంటుందా, పెద్దమ్మ అంటుందా, నానీ అంటుందా? మాచర్ల వైపు తండాల నుంచి వచ్చే పిల్లలు ఇంట్లో అమ్మను ‘యాడి’ అంటారు. ‘యాడి’ అన్న మాటను తెలుగు అక్షరాల్లో రాసి చూపించినప్పుడు ఒక లంబాడీ పిల్లాడు ఆ కాయితం నా చేతుల్లోంచి లాక్కుని బయటికి పరిగెత్తాడు, అరుగు మీద కూర్చున్న అన్నకు చూపించడానికి. అప్పటిదాకా బడిలో రాసేవన్నీ వేరేవాళ్ల మాటలే అనుకున్నాడు కాబోలు.

ఈ సూక్ష్మాలన్నీ తెలిసిన కథకులు మన ఇళ్లల్లో ఎప్పటినుంచో ఉన్నారు. అన్నం తినని మనవడికి చెప్పే కథలో రాజుగారి కొడుకు ఎర్రచొక్కా వేసుకుని ఉంటాడు, ఎందుకంటే మనవడు ఆ పూట ఎర్రచొక్కా వేసుకున్నాడు. రాకుమారుడికి కుడి మోకాలి మీద దెబ్బ ఉంటుంది. ఆ రాజ్యంలో కుక్కపేరు ఈ వీధిలో కుక్కపేరే. జోలపాటలో పేరు పెట్టే చోటు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది, ఏ ఇంటి బిడ్డ పేరు ఆ ఇంట్లో దిగుతుంది. లండన్ వాళ్లు అచ్చుయంత్రంతో చేసిన పని మన అమ్మమ్మలూ నాయనమ్మలూ నోటితో చేశారు. ఆ కథ చెవి దగ్గరే ఆగిపోయి కాయితం మీదికి రాలేదు, అంతే. బడికొచ్చిన పిల్లకు అక్కడున్న పుస్తకాల్లో రాము, సీత, రవి, గీత కనిపిస్తారు. మా వైపు కోటప్పకొండ దేవుడి పేరు పెట్టుకున్న కోటమ్మలూ కోటేశ్వరరావులూ, సైదాస్వామి పేరు పెట్టుకున్న సైదులూ సైదమ్మలూ, మస్తాన్‌లూ, దావీదులూ ప్రతి తరగతిలోనూ ఉంటారు. కథల పుస్తకాల్లో మాత్రం వాళ్లు నాకు దొరకలేదు. కథల్లో ఉండే మనుషులు తన ఇంటివాళ్లలాంటి వాళ్లు కారని పిల్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎవరూ చెప్పకపోయినా అర్థమైపోతుంది.

పేరు ఒక్కటే చాలదని నాకు నేర్పింది మాత్రం న్యూజిలాండ్‌కు చెందిన ఒక ఉపాధ్యాయురాలు. సిల్వియా యాష్టన్-వార్నర్ అక్కడ పల్లె బడుల్లో మావొరీ పిల్లలకు చదువు చెప్పింది. ఆ అనుభవమంతా ‘టీచర్’ అనే పుస్తకంగా 1963లో వచ్చింది. ఆమె బడికి వచ్చిన వాచకాల్లో వేరే రకం ఇళ్లు, వేరే రకం పిల్లలు, శుభ్రంగా ఇస్త్రీ చేసిన మాటలు. మావొరీ పిల్లలకు అవి ఎక్కలేదు. ఆమె వాచకాన్ని పక్కన పెట్టి, పొద్దున్నే ఒక్కో పిల్లను దగ్గరికి పిలిచి అడిగేది: ఇవాళ నీకు ఏ మాట కావాలి? పిల్ల చెప్పిన మాటను మందపాటి అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి ఇచ్చేది. ఆ అట్ట పిల్లది. మర్నాడు అట్టలన్నీ నేల మీద పోస్తే ఎవరి మాటలు వాళ్లు ఏరుకోవాలి. గుర్తుపట్టలేకపోయిన మాట ఆ పిల్లకు అంత ముఖ్యమైనది కాదన్నమాట, దాన్ని తీసేసేది. పిల్లలు అడిగిన మాటలేమిటి? అమ్మ, నాన్న, ముద్దు, దయ్యం, భయం, కత్తి, పోలీసు. ‘చూడు, రా’ లాంటి మెత్తని మాటలు నెలల తరబడి అంటని పిల్లాడికి ఇలాంటి మాటలు నిమిషాల్లో వచ్చేశాయని ఆమె రాసింది.

ఆమె పద్ధతినంతా నేను ఒప్పుకోను. ఒక మాట మర్నాటికి గుర్తులేకపోతే దాన్ని పారేయడం నాకు నచ్చదు. కొన్ని మాటలు ఆలస్యంగా వేళ్లూనుకుంటాయి. కానీ ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. పిల్ల పేరు తీసుకెళ్లి మన కథలో పెట్టడం ఒక పని, పిల్ల కథను తీసుకొచ్చి కాయితం మీద పెట్టడం ఇంకో పని. మొదటిదానికి డబ్బు కావాలి, రెండోదానికి చెవి కావాలి.

మా తరగతిలో ఒక పిల్ల ఉండేది. బళ్లో చేరి నెలలు గడిచినా నోరు విప్పేది కాదు. పలక తీసుకురమ్మంటే తెచ్చేది, దిద్దమంటే దిద్దేది, చదవమంటే తల వంచుకునేది. ఒకరోజు పొద్దున్నే గుమ్మంలోనే నన్ను ఆపి, “టీచర్, మా బర్రె ఈనింది” అంది. అంతే. ఆ మూడు మాటలు నేను అక్కడికక్కడే తెల్లకాయితం మీద స్కెచ్‌పెన్నుతో రాశాను. పుస్తకాల్లో గేదె అని ఉంటుంది, నేను బర్రె అనే రాశాను. కాయితం చూపించి, ఇదిగో నువ్వు చెప్పింది ఇదే అన్నాను. పిల్ల వేలు పెట్టి ఒక్కో మాటనూ తడుముతూ చదివింది. తర్వాత ఏమైందని అడిగాను. చెప్పుకుపోయింది. రాత్రి ఈనింది. నాన్న లైటు పట్టుకున్నాడు. నాకు నిద్ర రాలేదు. దూడ నల్లగా ఉంది. దూడ లేచింది, పడింది, మళ్లీ లేచింది. అమ్మ జున్ను వండింది. కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి, మధ్యలో దారంతో కుట్టి, అంచులు కత్తిరిస్తే ఎనిమిది పేజీల పుస్తకం. అట్ట మీద దూడ బొమ్మ తనే వేసింది. కాళ్లు అయిదు వచ్చాయి, ఒకటి తోకేమో.

ఆ పుస్తకాన్ని ఆ పిల్ల ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. మొదట్లో అది చదవడం కాదని, కంఠతా వచ్చింది ఒప్పజెబుతోందని తనిఖీకి వచ్చిన ఒక అధికారి అన్నారు. నిజమే, కంఠతానే. కానీ కంఠతా వచ్చిన వాక్యం మీద వేలు నడుస్తున్నప్పుడు పిల్ల మనసులో ఏం జరుగుతోందో చూడాలి. తర్వాత ఏ మాట వస్తుందో ముందే తెలుసు కాబట్టి అర్థం కోసం వెతుక్కోనక్కర్లేదు. ఆ శక్తి అంతా అక్షరాల రూపం మీదికి పోతుంది. ‘లేచింది, పడింది, మళ్లీ లేచింది’ దగ్గర ‘ంది’ మూడుసార్లు వస్తుంది. మూడోసారికి ఆ సున్నా, ఆ ‘ది’ ఒక జతగా కళ్లకు అలవాటవుతాయి. తర్వాత వాచకంలో ‘వచ్చింది’ కనిపించినప్పుడు సగం మాట అప్పటికే తెలిసిందే. తెలియని మాటను తెలియని అక్షరాల్లో, తెలియని సంగతి గురించి చదవమనడం ఒకేసారి మూడు బరువులు నెత్తినెత్తడం. సొంత పుస్తకం వాటిలో రెండింటిని దించేస్తుంది.

ఆత్మవిశ్వాసం అనేది పొగడ్తలతో రాదు. ‘వెరీ గుడ్’ అని స్టార్ పెడితే పిల్ల స్టార్ కోసం చూస్తుంది. ఆ పిల్లకు ధైర్యం వచ్చింది వేరే దారిలో. ఆ పుస్తకంలోని సంగతి బళ్లో ఇంకెవరికీ తెలియదు, టీచరుకు కూడా తెలియదు. దూడ నిజంగా ఎన్నిసార్లు పడిందో చెప్పగలిగేది తనొక్కతే. చదువుతూ ఒక మాట తప్పితే తనే ఆగి సరిచేసుకునేది, ఎందుకంటే కథ తప్పిపోయిందని తనకు తెలుస్తుంది. పక్కవాళ్లు అందించాల్సిన పని లేదు, నేను సరిదిద్దాల్సిన పని లేదు. చదవడమంటే ఇంకెవరి పరీక్షో కాదని, తన సంగతి తను చెప్పుకోవడమని ఆ పిల్లకు అర్థమైనట్టుంది. తల వంచుకోవడం మానేసింది. వాళ్లమ్మ ఒకరోజు బడికొచ్చి, “మా ఇంటి సంగతులన్నీ పుస్తకంలో రాస్తన్నారంట గదా టీచర్” అని నవ్వుతూ అడిగింది. ఆమెకు చదువు రాదు. కూతురు చదువుతుంటే పక్కన కూర్చుని వింది, జున్ను దగ్గర “బెల్లం కూడా ఏశానని రాయి” అంది. మళ్లీ కాయితం కుట్టాం.

చలికాలంలో మా వైపు మిరప కోతలు మొదలవుతాయి. కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు పిల్లాపాపలతో వచ్చి పొలాల పక్కన గుడారాలు వేసుకుంటాయి. ఆ పిల్లల్లో కొందరు మా బడికి వచ్చేవాళ్లు, కోతలయ్యేదాకా. వాచకంలో వాళ్ల ఊరి బడిలో ఎక్కడ ఆపారో మాకు తెలియదు, ఇక్కడ ఎక్కడ ఆపుతామో అక్కడ తెలియదు. వాళ్లతో పుస్తకాలు చేయించడం మాత్రం కుదిరింది. కల్లంలో ఎర్రగా ఆరబోసిన కాయలు, ఘాటుకు తుమ్ములు, కళ్లు మండితే అమ్మ కొంగుతో తుడవడం, రాత్రి లారీ మీద ప్రయాణం, ఊళ్లో వదిలి వచ్చిన జేజి. జేజి అంటే మా పిల్లలకు తెలియదు. నాయనమ్మ అని వాళ్లు వివరించారు. వెళ్లిపోయేటప్పుడు పుస్తకం సంచిలో పెట్టుకుని పోయారు. ఏ బడికీ పూర్తిగా చెందని పిల్లలకు తమ వెంట వచ్చే పాఠం అదొక్కటే.

సొంత పుస్తకం చేతిలో ఉంటే పిల్లలు తమ గురించే ఎక్కువ మాట్లాడతారని చెప్పి ఆపాను. ఇప్పుడు ఆ విషయానికి వస్తాను. ఎప్పుడూ తన కథే చదువుకునే పిల్ల ఏమవుతుంది? అమెరికాలో రుడీన్ సిమ్స్ బిషప్ 1990లో రాసిన ఒక వ్యాసంలో పిల్లలకు పుస్తకాలు అద్దాలుగానూ కావాలి, కిటికీలుగానూ కావాలి అని చెప్పింది. అద్దంలో తనను తాను చూసుకోవాలి, కిటికీలోంచి పక్కవాళ్ల లోకం చూడాలి. నల్లజాతి పిల్లలకు అద్దాలు దొరకడం లేదన్నది ఆమె బాధ. తెల్లజాతి పిల్లలకు అద్దాలు తప్ప కిటికీలు దొరక్కపోవడమూ నష్టమేనని కూడా చెప్పింది. పేరు అచ్చువేసి అమ్మే ఖరీదైన పుస్తకాలతో నాకున్న పేచీ ఇక్కడే. అన్నిట్లోనూ పిల్లే నాయిక, పిల్లకే కిరీటం, గ్రహాల దాకా వెళ్లొచ్చేదీ పిల్లే. అద్దం మీద అద్దం. పైగా ఆ పిల్ల నిజమైన బతుకులోంచి అందులోకి వచ్చింది పేరూ ఫోటో మాత్రమే. పుస్తకం కోసం పిల్ల ఫోటో, పుట్టినరోజు, ఇంటి వివరాలు తెలియని సంస్థల చేతుల్లో పెట్టే ముందు తల్లిదండ్రులు కాస్త ఆలోచించాలని కూడా అంటాను.

బడిలో కుట్టుకున్న పుస్తకాలకు ఈ దోషం అంటలేదు, దానికి కారణం చాలా మామూలుది. తరగతిలో అందరి పుస్తకాలూ ఒకే తాడుకు వేలాడతాయి. బర్రె ఈనిన పుస్తకం పక్కనే తండా పిల్లాడి యాడి పుస్తకం, దాని పక్కనే మిరప కల్లం పుస్తకం. తన పుస్తకం బాగా వచ్చేశాక పిల్ల పక్కదాని మీద చెయ్యి వేస్తుంది. అందులో రాసింది తన సంగతి కాదు, కానీ రాసినవాడు పక్కనే ఉన్నాడు. ఆగిన చోట వాణ్ణే అడుగుతుంది. ఒకరి అద్దం ఇంకొకరికి కిటికీ అవుతుంది. అక్కడి నుంచి అచ్చు పుస్తకాలకు వెళ్లడం పెద్ద దూరం కాదు. తెలుగులో ఆ దారి వేసినవాళ్లు ఉన్నారు. అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి నుంచి 2008లో మొదలైన ‘కొత్తపల్లి’ పత్రిక పిల్లలు రాసిన కథలకూ వేసిన బొమ్మలకూ చోటిచ్చింది. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో బొమ్మల కథలు తెలుగులోనూ ఉచితంగా దొరుకుతాయి, కావాలంటే అక్కడి బొమ్మలతో మన కథ మనమే రాసుకోవచ్చు. ఫోనున్న ప్రతి టీచరుకూ, ప్రతి తల్లికీ ఇది తెలియాలి.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, పరిస్థితి బాగాలేదు. పల్లె పిల్లల చదువును సర్వే చేసే అసర్ 2024 నివేదిక ప్రకారం మన దేశపు పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవాళ్లు 27.1 శాతం. వందలో డెబ్బై మందికి పైగా చదవలేకపోతున్నారు. 2026-27 నాటికి మూడో తరగతి దాటే ప్రతి పిల్లకూ అర్థం చేసుకుంటూ చదవడం రావాలని 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం నిపుణ్ భారత్ లక్ష్యం పెట్టుకుంది. లక్ష్యం మంచిది. దానికోసం వచ్చే వర్క్‌బుక్కులు, పట్టికలు, ఆన్‌లైన్‌లో నింపాల్సిన వివరాలు మాత్రం టీచరు చేతిలో సమయాన్ని మింగేస్తాయి. పిల్ల గుమ్మంలో ఆగి ఏదో చెప్పబోతున్నప్పుడు టీచరు ఫోనులో హాజరు ఫోటో ఎక్కిస్తూ ఉంటే, ఆ వాక్యం ఇక రాదు. మర్నాడూ రాదు.

నన్ను కలిసిన చిన్నటీచర్లు అడిగేదీ అదే. రెండు తరగతులు ఒకే గదిలో, ఒక్కదాన్నే ఉంటాను, ఒక్కో పిల్ల కథ కూర్చుని ఎక్కడ రాయను మేడం అని. న్యాయమైన ప్రశ్న. నాకు దొరికిన జవాబు నాలుగు, ఐదు తరగతుల పిల్లలు. శనివారం మధ్యాహ్నాలు ఒక్కో పెద్దపిల్లకు ఒక్కో చిన్నపిల్లను అప్పగించేదాన్ని. చిన్నది చెప్పాలి, పెద్దది రాయాలి. రాసేవాళ్లకు ఒకే షరతు: చిన్నది చెప్పిన మాట మార్చకూడదు.

ఐదో తరగతిలో ఒకడు ఉండేవాడు. చదవడం అంతంతమాత్రం, రాయడం అసలే బద్ధకం. వాడికి ఒకటో తరగతి బుడతణ్ణి అప్పగించాను. శివరాత్రి వెళ్లిన వారమే. బుడతడికి చెప్పడానికి ఒకటే సంగతి ఉంది: కోటప్పకొండ తిరునాళ్లకు మా ఊరి ప్రభ వెళ్లింది, అన్ని ప్రభలకన్నా మాదే ఎత్తు, కరెంటు దీపాలు పెట్టారు. పెద్దాడు కాయితం మీద పెన్ను ఆనించి ఆగిపోయాడు. కర్రలతో ఎత్తుగా కట్టి తిరునాళ్లకు తీసుకెళ్లే ఆ ప్రభల్ని పుట్టినప్పటి నుంచి చూస్తున్నాడు, ప్రభ కట్టేటప్పుడు తాళ్లు అందించాడు, దాని ముందు చిందులేశాడు. ‘ప్ర’ రాయడం రాదు. ‘రథం’ అని రాస్తానన్నాడు బుడతడితో. వాడు ఒప్పుకోలేదు, రథం కాదు ప్రభే అని ఏడుపు మొదలెట్టాడు. పెద్దాడు కాసేపు అటూ ఇటూ చూసి, కాయితం పట్టుకుని నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, “టీచర్, ప్రభ ఎట్టా రాయాలి?” అన్నాడు. ‘ప’ రాసి, దాని కింద ర-ఒత్తు ఎలా చుట్టాలో చూపించాను. వెళ్లి రాశాడు. ఆ పుస్తకంలో ప్రతి పేజీలోనూ ప్రభ ఉంది, కాబట్టి ప్రతి పేజీలోనూ రాయాల్సి వచ్చింది. మూడో పేజీ తర్వాత మళ్లీ నా దగ్గరికి రాలేదు.

పై వారం పెద్దాడు తనంతట తను తెల్లకాయితాలు అడిగాడు. బుడతడు చెప్పింది పిల్లకథంట, ప్రభ ఎలా కడతారో వాడికేం తెలుసంట. సరుగుడు కర్రలు ఎక్కడి నుంచి తెస్తారు, ఎవరు మోస్తారు, పైన దీపాల వైరు ఎవరు లాగుతారు, కరెంటు తీగలు అడ్డమొస్తే ఏం చేస్తారు, ఎడ్లు బెదిరితే ఎవరు పట్టుకుంటారు. ఎనిమిది పేజీలు ఏమూలకీ చాల్లేదు. ఇంకో కాయితం మడిచి, దబ్బనం తెచ్చి, మొదటి కుట్టు విప్పి రెండూ కలిపి మళ్లీ కుట్టాం.